కైక దరువు

జనవరి 26, 2024, శుక్రవారం

దేవరకొండ బస్టాండుల బండి పది నిమిషాలు ఆగింది. పేపర్ కొని బానెట్ మీద పరిచిన. పద్మశ్రీల పట్టీల మనోళ్లల్ల ఇద్దరి పేర్ల కాడ చూపు ఆగింది. ఇటు దిక్కు రామన్నపేట మండలం వెల్లంకి కూరెళ్ల విఠలాచార్య సారు, అటు దిక్కు నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్ప. నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్ దాకా తిరిగే నా సర్వీసుకు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు నిలబడ్డట్టు అనిపించింది. సారు పిల్లలకు చదువు చెప్పుకుంటనే పద్యాలు రాసిండు, ఉన్న ఇల్లును గ్రంథాలయం చేసిండు. కొండప్ప వెదురుబొంగుకు సొరకాయ బుర్ర కట్టిన బుర్రవీణ మీద తత్వాలు పాడుకుంట బతికిండు.

రెండేండ్ల కింద గిట్లనే పద్మశ్రీల వార్తల్ల పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య బొమ్మ చూసిన. పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ ఆ కిన్నెర మీదనే పాలమూరు ఊర్లల్ల తిరిగినయి. 2021ల ఆయన ఆర్టీసీ మీద పాట పాడితే సంస్థ పెద్దలు పిలిచి సన్మానం చేసిన్రు. ఆ వీడియో మా డిపోల ప్రతి ఒక్కని ఫోన్ల ఉండె. నేను చేసే కొలువు మీద ఒకాయన కిన్నెర మీటుకుంట పాడుతుంటే ఆనాడు గొంతుల ఏదో అడ్డం పడ్డట్టయింది.

రాత్రి హనుమాండ్ల గుడి కాడ కూర్చున్నం. పందొమ్మిదేండ్లాయె మా ఊర్ల చిరుతల రామాయణం ఆడక. ఈసారి శ్రీరామనవమికి పట్టాభిషేకం చెయ్యాల్సిందేనని తేలింది. మనిషికి రెండువేలు. పక్క ఊరి నుంచి గురువును పిలుచుకొస్తరు. ఆయన తాటిచెట్లు ఎక్కిన మనిషి. మోకాళ్లు పోయినంక ఎక్కుడు బందువెట్టిండు, పాట మాత్రం బందు పెట్టలే.

వేషాలు పంచిన్రు. నాకు కైక. మా నాయిన కట్టిన వేషం.

ఫిబ్రవరి 4, ఆదివారం

అటక మీది రేకుపెట్టె దించిన. గుడ్డల మూట విప్పితే నాయిన చిరుతలు. జానెడు కూడా లేని రెండు చెక్కలు. లోపలి దిక్కు చదును, బయటి దిక్కు గుండ్రం. కొసలకు ఇత్తడి బిళ్లలు. ఏండ్ల చెమట తాగి కట్టె నల్లగ నిగనిగలాడుతున్నది. బొటనవేలు ఆనే కాడ చిన్న గుంట పడ్డది. నా వేలు పెట్టి చూసిన, కుదరలే. నాయినది నాగలి పట్టిన వెడల్పు వేలు. నాది టికెట్ మిషన్ బటన్లు నొక్కే వేలు. ఒక బిళ్ల ఊడిపోయి ఉంటే సైకిల్ షాపుల వాషర్ వేయించిన. ఆ ఒక్కటి మోగుడు వేరు, చెవికి తెలుస్తనే ఉన్నది.

పెట్టెల నాయిన నోట్‌బుక్ కూడా ఉన్నది. దరువులు, పద్యాలు, వచనాలు పెన్సిల్‌తోని రాసుకున్నడు. ఊపిరి తీసుకునే కాడ చిన్న గీత. కైక రెండు వరాలు అడిగే దరువు కాడ పక్కన ‘మెల్లగ’ అని మూడుసార్లు రాసిండు, ఒకదాని కింద ఒకటి. ఎందుకు రాసిండో అర్థం కాలే. నా ఎరుకల నాయిన గొంతు ఊరవతలికి వినొచ్చేది.

మా ఇంటామె పెట్టె తుడుసుకుంట తన పుస్తకం కూడా అండ్లనే పెట్టింది, ఎలుకలు కొట్టకుండ. బిడ్డ పాత లెక్కల నోట్‌బుక్కు. రాయని దిక్కంత ముగ్గులే. పదిహేను చుక్కలు ఎనిమిది దాకా, సందు చుక్క. ఇరవై ఒకటి నుంచి ఒకటి దాకా, ఎదురు చుక్క. అండ్ల సగం ఎవల దగ్గరా చూసి దించినయి కావట, తానే కట్టుకున్నయట. సంక్రాంతికి వాకిట్ల వేసిన నెమళ్ల ముగ్గు కూడా ఉన్నది. ఆ ముగ్గు తొక్కకుండ పక్క నుంచి డ్యూటీకి పోయిన సంగతి యాదికొచ్చింది. ఎవరు కట్టిన ముగ్గు అని ఆ రోజు అడగలే.

ఫిబ్రవరి 13, మంగళవారం

తాలీం మొదలై తొమ్మిది రోజులు. రాత్రి ఎనిమిదిన్నరకు కూడుతున్నం. నేను క్యాష్ కట్టి ఊరు చేరేసరికి తొమ్మిది దాటుతది. అన్నం తినకుండనే పోతున్న. బర్రెకు నీళ్లు, గడ్డి, పాలు పిండుడు అన్నీ మా ఇంటామెనే చూసుకుంటున్నది. ‘నువ్వు పో, ఆడ గురువు ఎదురుచూస్తడు’ అంటది.

ఇరవై మందిమి గుండ్రంగ నిలబడి అడుగు వేసుకుంట చిరుతలు కొడుతం. వేషం ఉన్నోడు లోపలికి వచ్చి దరువు ఎత్తుకుంటడు, మిగిలినోళ్లు వంత అందుకుంటరు. తన పాట అయిపోయినంక రాముడైనా మళ్లా గుండ్రంలకు పోయి వంత పాడవలసిందే. మా రామునికి రెండెకరాల వరి. లక్ష్మణుడు బోరు మోటర్లు బాగుచేస్తడు. సీత వేషం కట్టే పిలగాడు మాల్ ఊరి కాడ టిఫిన్ సెంటర్ల పొద్దుగాల నాలుగు గంటలకే పిండి రుబ్బాలె. పదకొండు దాకా పాడి మూడు గంటలు పండుకొని పోతడు. దశరథునిది దళితవాడ. పోయినసారి ఆడినప్పుడు ఆ వాడ మంది పందిరి అవతల నిలబడి చూసిన్రు. ఇప్పుడు ఆయన దశరథుడైతే నేను ఆయన కాళ్ల కాడ అలిగి పండుకోవాలె. మా ఊరికి ఇంత మంచి మార్పు రావడానికి ఎంతమంది ఎన్ని మాటలు పడ్డరో నాకు తెలుసు.

బస్సుల మాత్రం ఊపిరాడుతలేదు. డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు ఉచితం అయినంక జీరో టికెట్లు కొట్టుడే కొట్టుడు. కల్వకుర్తి దాటినంక జర ఖాళీ అయితే ముందు సీట్ల కాడ నిలబడి లోపల్లోపల దరువు అనుకుంటున్న, తొడ మీద వేళ్లతోని తాళం. మా డ్రైవర్ భాయ్ స్టీరింగ్ మీద వేలు ఆడించుకుంట ఉన్నడు. జడ్చర్ల దగ్గర పడ్డంక అన్నడు: ‘భాయ్, నువ్వు తాళం కంటె ముందు ఉరుకుతున్నవ్. నాలుగో దెబ్బ నిలబడనియ్యి.’ ఆయన ఏటా జాన్‌పహాడ్ ఉర్సుకు పోయి తెల్లార్లు కవ్వాలీ వింటడు. మూడేండ్ల సంది ఒకే బండి మీద ఉన్నం, ఈ చెవి ఉన్నదని నాకు తెల్వనే తెల్వదు.

ఫిబ్రవరి 25, ఆదివారం

నాలుగు రోజులు మేడారం డ్యూటీ. 21 నుంచి 24 దాకా జాతర. నిద్రంత బండి సీట్ల మీదనే. గద్దెల దిక్కు నుంచి డోలు చప్పుడు వస్తుంటే కండ్లు మూసుకొని పండుకున్న. శరీరం అలిసింది గాని చెవి పండుకోలే.

తాలీం నాలుగు రోజులు పోయింది. వచ్చేసరికి నా పాట రాముడు పాడి పెడుతున్నడట, దరువు చల్లారకుండ.

మార్చి 3, ఆదివారం

వారపు సెలవు. వెల్లంకి పోయిన. చిన్న ఊరు. కూరెళ్ల సారు ఇల్లు ఇల్లంత పుస్తకాలే. 2014ల గ్రంథాలయంగ తెరిచిన్రు. ఎవలైనా వచ్చి చదువుకోవచ్చు. పరీక్షలకు చదివే పిలగాండ్లు మూలమూలల కూర్చొని ఉన్నరు.

గోలకొండ కవుల సంచిక సంగతి అక్కడ కూర్చొని చదివిన. పేరు ఎన్నోసార్లు విన్నదే, తీరుగ చదివింది మాత్రం ఇయ్యాలనే. తెలంగాణల కవులే లేరని ఒకరు రాస్తే, పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి గారు నోటితోని జవాబు చెప్పలే. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934ల 354 మంది కవులతోని పుస్తకమే అచ్చు వేసిండు. గద్వాల దిక్కు ఇటికాలపాడు ఆయనది. నాకు మనసుల నాటింది ఆ అంకె. 354 మందిల అందరూ కవిత్వం మీద బతికినోళ్లు అయ్యుండరు కదా. పగటి పని పగలు చేసుకొని, రాత్రి దీపం ముందట పద్యం కట్టుకొని, ఇంట్ల పెట్టుకున్నోళ్లే ఎక్కువ అయ్యుంటరు. అడిగినోడు దొరికిండు కనుక బయటికొచ్చిన్రు. పంపమని ఎవరూ అడగకపోతే ఆ పద్యాలు అటక మీదనే ఉండు. చెదలు తిను.

వచ్చేటప్పుడు గోరటి వెంకన్న యాదికొచ్చిండు. తెలకపల్లి మండలం గౌరారం. తండ్రి యక్షగానం ఆడినోడు, తల్లి మంగళహారతులు పాడినామె. తాను సహకార శాఖల కొలువు చేసుకుంట పాటలు రాసిండు, వల్లంకి తాళం పుస్తకానికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ ఇంట్ల యక్షగానం రాత్రుల్ల పొలం పని ఎవరు చూసిన్రో, తల్లి హారతి పాటలు పాడిన పొద్దు పొయ్యి ఎవరు అంటుపెట్టిన్రో. ఏ పుస్తకంల దొరకని సంగతి, నాకు అదే తెలుసుకోబుద్ధయితది.

మార్చి 17, ఆదివారం

ఎండలు ముదిరినయి. బోర్లు ఒక్కొక్కటి గాలి ఎత్తుకుంటున్నయి. సాగర్ కాలువ నీళ్ల ఆశ కూడా లేదు. మా రాముని మడి నెర్రెలిచ్చింది. పొట్ట దశల ఉన్న వరి. మూడు రోజులు తాలీంకు రాలే. నాలుగో రోజు గురువే ఇంటికి పోయిండు. ఏం మాట్లాడుకున్నరో తెల్వదు. రాత్రి ఇద్దరు కలిసి వచ్చిన్రు. వచ్చి రాముడు వంతలనే నిలబడ్డడు, తన దరువు మాత్రం ఎత్తుకోలే. ఎవరం అడగలే. వనవాసానికి పోయే ఘట్టం వచ్చినప్పుడు తానే లోపలికి వచ్చి పాడిండు. అట్ల పాడుడు ఇంతవరకు వినలే.

మా అమ్మాయికి రేపటి నుంచి టెన్త్ పరీక్షలు. ఊర్ల ఇంకో పదకొండు మంది పిల్లలు ఉన్నరు. గుడి కాడ చప్పుడు వద్దని తాలీంను ఊరవతల వడ్ల కల్లంలకు మార్చినం.

నిన్న ఎన్నికల కోడ్ వచ్చింది. రాత్రి పది దాటితే మైకు పెట్టొద్దు. కోడ్ ఉన్నా లేకున్నా అదే నియమం. ఇప్పుడు గట్టిగ చూస్తరు, అంతే. మన ఆట మొదలయ్యేదే తొమ్మిదిన్నరకు. కమిటీ పిలగాండ్లు దిగులు పడ్డరు. గురువు చుట్ట ఆర్పి అన్నడు: ‘నేను నేర్చుకున్నప్పుడు మైకు ఏడున్నది బిడ్డా?’

మార్చి 26, మంగళవారం

నిన్న హోళీ. చేతులకు రంగు ఇంక పోలే.

ఇయ్యాల నా దరువు మీదనే గంటన్నర. రెండు వరాలు అడిగే కాడ నేను గొంతు పెంచుతున్న. మైకు లేదు కదా, వెనుక కూసున్నోళ్లకు వినపడాలె అని. గురువు చెయ్యి ఎత్తి ఆపిండు.

‘కైక ఎందుకు అరుస్తది? రాజు మాటిచ్చిండు. ఇచ్చిన మాట ఆమె చేతిల ఉన్నది. చేతిల ఉన్నదాన్ని అడిగేటామె గట్టిగ అడగదు.’

‘మెల్లగ పాడితే వినొస్తదా గురువుగారు?’

‘నీ గొంతుతోని కాదు వినొచ్చేది.’ గుండ్రం దిక్కు తిరిగిండు. ‘వాళ్ల చిరుతలతోని.’

ఇరవై మందికి ఒక్కటే చెప్పిండు. కైక మొదటి వరం అనంగనే చెక్కలు ఒకదానికొకటి తాకొద్దు. అడుగు మాత్రం ఆగొద్దు. ఉత్త కాళ్లే, మట్టి మీద. మళ్లా రెండో వరం అయినంక దశరథుడు కూలినప్పుడు అందరివి ఒక్కసారి పడాలె.

మూడుసార్లు తప్పినం. ఎవనిదో ఒకనిది టిక్కుమంటది. అలవాటు పడ్డ చెయ్యి ఆగదు. నాలుగోసారి కుదిరింది. నేను మామూలు మాట అన్నంత మెల్లగ పాడిన. కల్లం అవతల గడ్డివాము కాడ కూర్చున్న ముసలామె ‘అయ్యో’ అన్నది. ఆమె దాకా పోయింది.

ఇంటికొచ్చి నాయిన నోట్‌బుక్ తెరిచిన. మెల్లగ. మెల్లగ. మెల్లగ.

ఏప్రిల్ 9, మంగళవారం. ఉగాది

కిరీటాలు, భుజకీర్తులు కిరాయికి తెచ్చిన్రు. మీసం తీయించుకున్న. డిపోల మావోళ్లు అడిగిన్రు. కైక వేషం అని చెప్తే ఒకాయన ఏం మాట్లాడకుండ డ్యూటీ చార్టు చూసి, 14, 17 తారీఖులు తాను చేస్త అన్నడు. ఆయన ఇల్లు నల్లగొండల, ఈ ఆటకు వచ్చేటోడు కూడా కాదు.

ఏప్రిల్ 15, సోమవారం

తెల్లారింది. నిద్ర పట్టలే. రాసి పెట్టుకుంట.

నిన్న పొద్దుగాల అంబేద్కర్ విగ్రహానికి దండ వేసినం, దశరథుడు ముందట నడిచిండు. రాత్రి రెండోనాటి ఆట. పదింటికి మైకు కట్టేసిన్రు. మైకు ఉన్నంతసేపు మంది దూరం దూరం మంచాల మీద, అరుగుల మీద ఉన్నరు, ఫోన్లు చూసుకుంట. బందు చేయంగనే ఒకరెనుక ఒకరు లేచి వచ్చి పందిరి కింద కూసున్నరు. పిల్లలను ఒళ్లకు తీసుకున్నరు. గుండ్రానికి, మందికి మధ్య రెండు బారలు కూడా లేదు. హార్మోనియం, మద్దెల, ఇరవై జతల చిరుతలు. వాటిల్ల నాయిన జతల ఉన్న వాషర్ చప్పుడు నాకు వేరుగ వినొస్తనే ఉన్నది.

మంథర పోయింది. నేను అలిగి పండుకున్న. దశరథుడు వచ్చి కూర్చున్నడు, చెయ్యి పట్టుకున్నడు. మొదటి వరం ఎత్తుకున్న.

చెక్కలు ఆగినయి. ఇరవై మంది కాళ్లు మట్టిల సర్రుసర్రుమంట తిరుగుతున్నయి. ఏడనో కుక్క మొరిగింది. నేను పాడుతలేను, అడుగుతున్న. భరతునికి రాజ్యం. మంది ముఖాలు కనబడుతున్నయి. రెండో వరం. పద్నాలుగేండ్లు అనే మాట కాడ నాయిన పెట్టిన గీత యాదికొచ్చి ఊపిరి తీసుకున్న. ఆ ఊపిరి కూడా వాళ్లకు వినపడ్డది. దశరథుడు నన్ను చూస్తున్నడు, నిజంగనే ఎరుక లేని మనిషిని చూసినట్టు. కూలిండు. ఇరవై జతలు ఒక్కసారి పడ్డయి. నా ఒళ్లు జలదరించింది.

నా గొంతు ఎంత దూరం పోయిందో అంత దూరం వాళ్లు చప్పుడు ఆపి జాగ ఇచ్చిన్రు. ఆట అయినంక ఒక్కొక్కని చెయ్యి పట్టుకున్న. ‘బాగ పాడినవ్’ అన్నరు. నేను పాడింది తక్కువ.

ఇంట్లకు వచ్చేసరికి రెండున్నర. అన్నం మీద మూత ఉన్నది. మా ఇంటామె ఆటకు రాలే. సాయంత్రం బర్రె ఈనింది, దుడ్డె. ఒక్కతే చూసుకున్నది. ఎవలతోనైనా కబురు పంపితే వేషం విప్పి వద్దునే. ‘పంపితే నువ్వు వస్తవని తెలుసు, అందుకే పంపలే’ అన్నది. కొట్టంల నుంచి అన్నీ విన్నదట. మొదటి వరం కాడ చప్పుడు ఆగితే, ఏమైందో అని లేచి నిలబడ్డదట.

ఏప్రిల్ 18, గురువారం

పట్టాభిషేకం అయింది. చదివింపులు రాత్రి ఒంటిగంట దాకా. గురువుకు పంచె, కండువా, వెండి కడియం. ఆయన కడియం చేతికి వేసుకోలే, జేబుల పెట్టుకున్నడు. ఖర్చులు పోను మిగిలింది రాముని ఇంటికి పంపాలన్నరు, ఎండిన మడి లెక్కల. ఆయన ఒప్పుకోలే. చివరికి హార్మోనియం బాగుచేయిద్దామని తేలింది.

పందిరి విప్పుతుంటే మా ఇంటామె అన్నది, గుడి కాడ ఆడోళ్లకు కోలాటం నేర్పే మాస్టర్ వస్తున్నడట. జడకోపు కూడా నేర్పుతడట. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర. ‘పాలు పిండే యాళ్ల కదా’ అని తానే అన్నది, తానే ఊకున్నది.

ఏప్రిల్ 28, ఆదివారం

సెలవు. ఆమె ఆరింటికి పోయింది. ఆకుపచ్చ చీర. పది మంది ఆడోళ్లు మీద నుంచి వేలాడే తాళ్లు పట్టుకొని ఆడుకుంట జడ అల్లాలె, మళ్లా ఎదురు తిరిగి అదే అడుగులతోని విప్పాలె. నిన్న ఒకామె ఒక్క అడుగు తప్పితే తాళ్లన్నీ చిక్కుపడ్డయట, మాస్టర్ స్టూలెక్కి విప్పినా రాలేదట. చెప్పుకుంట చెప్పుకుంట ఆమె చేతులు గాలిల అల్లుతున్నయి. ఇరవై ఏండ్లల్ల ఆమె చేతులను అట్ల చూడలే.

చెంబు కడిగి కొట్టంలకు పోయిన. దుడ్డెను విడిచి, గుంజి, కట్టేసిన. పొదుగుకు నీళ్లు కొట్టిన. బర్రె చేపలే. తోక విసిరింది, కాలు ఎత్తింది, వెనుకకు మర్లి నన్ను చూసింది. చన్నులు గుంజితే చుక్క రాలేదు. గుడి దిక్కు నుంచి కోలల చప్పుడు మొదలయింది.

బిడ్డ గోడ కాడ నిలబడి చూస్తున్నది.

‘అమ్మ పిండేటప్పుడు ఏదో పాట అంటది నాయినా. అది వింటేనే చేపుతది.’

‘ఏం పాట?’

‘పాట కాదు. రేపటి ముగ్గు చుక్కలు లెక్క పెట్టుకుంటది, రాగంగ. పదిహేను, పద్నాలుగు, పదమూడు, అట్ల ఎనిమిది దాకా. మళ్లా మొదటి నుంచి.’

పొద్దున ఆమె పాలు పిండుతుంటే, ఆ కొట్టం పక్క నుంచే బ్యాగు వేసుకొని ఎన్ని వేల సార్లు పోయిన.

బిడ్డను ఆ రాగం చెప్పమన్న. చెప్పింది. నేను ఎత్తుకున్న. పదిహేను. ‘అంత గట్టిగ కాదు’ అన్నది. మెల్లగ ఎత్తుకున్న. పద్నాలుగు. పదమూడు. బర్రె తోక ఆగింది. పన్నెండు.